సిగ్నల్ పడ్డది

మొదటి రోజు: నల్లగొండ నుంచి మిర్యాలగూడ

పొద్దున ఆరున్నరకు క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగి బయల్దేరాం. బండి నడిపేది మా అక్క కొడుకు, వెనక నేను. మా ఇద్దరి నడుమ రెండు గోనె సంచులు, నైలాన్ తాడు, ఒక పాత దుప్పటి ఉన్నాయి. గాజు ఏమైనా దొరికితే చుట్టడానికని దుప్పటి.

నాది మోటార్ వైండింగ్ పని. కార్తీకం వచ్చేసరికి వానాకాలం వరి కోతల మీదుంటుంది, యాసంగి మోటార్లు ఇంకా ఎక్కవు. మోటారు కాలకపోతే నాకు పని లేదు. ఏటా ఈ వారం పది రోజులు నా పిచ్చికి వదిలేస్తాను. పాత ట్రాఫిక్ సిగ్నళ్లు వెతకడం ఆ పిచ్చి. మా ఆవిడ దీనికి వేరే పేర్లు పెట్టింది గానీ అవి ఇక్కడ రాసేటివి కావు.

ఇది అంటుకున్న తీరు చెప్పాలి. పదిహేనేళ్ల కింద ఒకాయన అరచేతిలో పట్టేంత మోటారు తెచ్చి చుట్టివ్వమన్నాడు. దేనిదని అడిగితే మర్నాడు ఒక ఇనుప డబ్బానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాతకాలపు సిగ్నల్ కంట్రోలర్. లోపల చిప్పుల్లేవు, బోర్డుల్లేవు. చిన్న మోటారు ఒక చక్రాన్ని మెల్లగా తిప్పుతుంది. చక్రం అంచున గుచ్చిన పిన్నులు ఒక్కొక్కటే వచ్చి మీటను తాకుతాయి. తాకినప్పుడల్లా పక్కనున్న డ్రమ్ము ఒక మెట్టు తిరుగుతుంది. డ్రమ్ము మీద గుబ్బలు కాంటాక్టులను నొక్కుతూ వదులుతూ పోతాయి. ఎర్ర దీపం ఆరుతుంది, ఆకుపచ్చ వెలుగుతుంది. ఎర్ర ఎంతసేపుండాలో మార్చాలంటే పిన్ను పీకి ఇంకో గాడిలో గుచ్చడమే. మోటారు చుట్టి కరెంటిచ్చాను. టక్‌మని ఒక మెట్టు తిరిగింది. కాసేపటికి మళ్లీ టక్. ఆ రాత్రి షాపు మూసేసరికి పదకొండయింది. తెచ్చినాయన మళ్లీ రాలేదు. చుట్టిన కూలి కింద డబ్బా నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు హైదరాబాద్‌లో, వేలంలో తుక్కు పాడుకున్న ఒక దుకాణంలో మూడు కళ్ల అల్యూమినియం తలకాయ దొరికింది. పై కన్ను ఎర్ర గాజు, కింది కన్ను ఆకుపచ్చ గాజు, రెండూ గట్టిగా ఉన్నాయి. నడిమి పసుపు గాజు ఎప్పుడో పగిలితే ప్లాస్టిక్‌ది బిగించారు. ఆ నడిమి కన్ను కోసమే ఐదేళ్ల నుంచి తుక్కు దుకాణాలు తిరుగుతున్నాను.

"కరెంటు బల్బే గద మామా. దీంట్ల ఏమున్నదని గింత తిరుగుడు?" అన్నాడు అల్లుడు, నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు ఎక్కగానే.

హెల్మెట్‌లోంచే పాఠం చెప్పాను. మొదటి సిగ్నల్‌కు కరెంటే లేదు. 1868 డిసెంబర్‌లో లండన్‌లో, పార్లమెంటు పక్కన నిలబెట్టారు. పెట్టించింది జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజినీరు. ఆయన ఎరిగింది రైలు సిగ్నలే కాబట్టి దాన్నే తెచ్చి రోడ్డు మీద పాతాడు. పగలైతే చేతులు లేచి వాలుతాయి. రాత్రి ఎర్ర, ఆకుపచ్చ గ్యాస్ దీపాలు. కింద పోలీసు నిలబడి మీట తిప్పాలి. నెల తిరక్కుండానే, 1869 జనవరి 2న గ్యాస్ కారి అది పేలింది. మీట దగ్గరున్న పోలీసుకు గాయాలయ్యాయి.

"అంటే డ్యూటీల ఉన్నోనికే దెబ్బ తాకిందన్నట్టు" అన్నాడు వాడు. వాడు హైదరాబాద్‌లో పార్సిళ్లు పంచే పని చేసేవాడు. రోడ్డు మీద జరిగే ఏ సంగతినైనా డ్యూటీలో ఉన్నోడి వైపు నుంచే చూస్తాడు.

మిర్యాలగూడలో తుక్కు అంటే రైస్‌మిల్లు తుక్కే. ఎలివేటర్ బకెట్లు, జల్లెడలు, అరిగిన బేరింగులు, పుల్లీలు. నాలుగు దుకాణాలు తిరిగాం. మూడో దుకాణంలో "ఉన్నది సార్, మీ అసువంటోళ్ల కోసమే దాచిన" అని ఒక సిగ్నల్ తలకాయ బయటికి తీశాడు. పాలీకార్బనేట్‌ది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ గోటితో కొడితే గుట్టు తెలుస్తుంది. ప్లాస్టిక్ బద్దగా మోగుతుంది, గాజు కణీమంటుంది. చెంపకు ఆనిస్తే గాజు చల్లగా తగులుతుంది. వెనక్కి తిప్పి చూస్తే గాజుకు లోపలి వైపు గాడులుంటాయి, వెలుగును కిందికి, బండ్ల వైపుకు వంచడానికి. దుమ్ము నిలవకూడదని పైముఖం నున్నగా ఉంచుతారు. ఇవన్నీ ఆ దుకాణదారుకు చెప్పడం నాదే పొరపాటు. ఈసారి పోతే గాజువాటికి రేటు పెంచి ఉంటాడు.

అక్కడ ఒక్క టోపీ మాత్రం కొన్నాను. సిగ్నల్ కంటి మీద రెప్పలా ఉండే రేకు. అల్యూమినియం ధరకే, కాంటా వేసి. దాని పని వాన ఆపడమని చాలామంది అనుకుంటారు. అసలు పని ఎండను ఆపడం. పాత సిగ్నళ్లలో బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె ఉంటుంది. సాయంత్రం ఎండ నేరుగా గాజులోంచి దూరి ఆ గిన్నెకు తగిలి తిరిగొస్తే, వెలగని దీపం కూడా వెలిగినట్టే కనిపిస్తుంది. ఎర్రా ఆకుపచ్చా రెండూ ఒకేసారి వెలిగినట్టుంటే డ్రైవర్ దేన్ని నమ్మాలి? ఎల్‌ఈడీ వాటికి ఆ గిన్నె లేదు కాబట్టి ఆ తిప్పలు తగ్గాయి. కరెంటూ మిగిలింది. అమెరికాలో పన్నెండంగుళాల కంటికి 150 వాట్ల బల్బు పెట్టేవాళ్లు. ఇప్పుడు పది పదిహేను వాట్లతో అదే పని అవుతోంది. బిల్లు కట్టేవాళ్లు మార్చడంలో తప్పేమీ లేదు. మార్చిన పాతవి ఎటు పోయాయన్నదే నా గొడవ.

రాత్రి మా చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం. టోపీ రేకు చూసి ఆమె అది వడ్లు ఎత్తే చేట అనుకుంది.

రెండో రోజు: కల్వకుర్తి దాకా

రాసేంత సంగతి లేని రోజు. హాలియాలో బత్తాయి రసం తాగాం. మల్లేపల్లిలో రెండు దుకాణాలు చూస్తే సైకిల్ రిమ్ములు, పగిలిన డ్రిప్పు పైపులే. కల్వకుర్తి ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా అకాల వాన. బస్ షెల్టర్‌లో గంటన్నర నిలబడ్డాం. కోసి ఆరబోసిన వడ్ల మీద టార్పాలిన్లు కప్పడానికి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉరుకుతోంది. మేమూ ఒకరికి రెండు మూలలు పట్టుకున్నాం.

కల్వకుర్తి లాడ్జిలో తడిసిన బట్టలు ఫ్యాన్ కింద ఆరేసి, ఫోన్‌లో అమెరికా వాళ్ల సేకరణలు చూపించాను వాడికి. లాస్ ఏంజెలెస్‌లో ఒకప్పుడు ఆక్మే కంపెనీ సిగ్నళ్లుండేవి. దీపాలతో పాటు ఆగు, పో అని రాసిన రెండు రెక్కలు లోపల్నుంచి బయటికొచ్చేవి, మారేటప్పుడు గంట మోగేది. ఇప్పుడవి సేకరించేవాళ్ల గ్యారేజీల్లో వెలుగుతున్నాయి. మనకు గ్యారేజీలెక్కడివి? నాకున్నది ఒక వరండా, దాంట్లో సగం ఈ కాలంలో వడ్ల బస్తాలదే.

"గంట బాగుంది మామా. మన దగ్గర పెడితే హారన్లల్ల ఎవలికి ఇనవడ్తది?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు: జడ్చర్ల, మహబూబ్‌నగర్

జడ్చర్ల దగ్గర హైవే దాటుతుంటే బండి క్లచ్ పోయింది. ఈ రోడ్డును ఇప్పటికీ సెవెన్ అనే అంటారు కొందరు. 2010లో నంబర్లు మార్చి 44 చేసినా లారీ డ్రైవర్ల నోటికి ఇంకా పట్టలేదు. ట్రాలీ ఆటోలో బండినెక్కించి మహబూబ్‌నగర్ చేరాం. మెకానిక్ క్లచ్ ప్లేట్లు చూసి రెండు రోజులన్నాడు. ఎందుకు రెండు రోజులంటే కురుమూర్తి జాతర అన్నాడు. పాలమూరులో కార్తీకంలో ఎవరిని ఏ పని అడిగినా ఇదే జవాబు. అందులో అబద్ధం కూడా లేదు.

పొద్దుగూకే ముందు ఊరి చివర ఒక పెద్ద తుక్కు దుకాణానికి వెళ్లాం. దుకాణం సేటు అరవై దాటిన మనిషి, తెల్ల టోపీ, మెడలో కళ్లజోడు. నేనేం వెతుకుతున్నానో విని నవ్వలేదు, అదే నాకు నచ్చింది. "చూస్కోర్రి సాబ్, దొరికితే మీ నసీబ్" అని లోపలికి చెయ్యి చూపించాడు.

గంటసేపు వెతికాక, గొలుసుల డబ్బా అడుగున కనపడింది. చిన్న పళ్లెమంత గుండ్రటి గాజు బిళ్ల, అంచు మీద ఎండిన పుట్టీ. రంగు నీలం. నెమలి మెడ వైపు ఒరిగిన నీలం. చెయ్యి వణికింది.

సేటు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఇది సిగ్నల్‌ది కాదు సాబ్. సిగ్నల్‌ల నీలం ఎక్కడుంటది? ఏదో పాత బంగ్లా కిటికీది. యాభై ఇయ్యుర్రి."

యాభై చేతిలో పెట్టి బయటపడితే అయిపోయేది. కానీ మేనల్లుడి ముందు నా చదువు చూపించాలన్న పాడు బుద్ధి పుట్టింది. పక్క కిరాణం నుంచి కొవ్వొత్తి తెప్పించి, దుకాణం వెనక చీకటి మూలకు ఇద్దరినీ తీసుకుపోయి, వెలిగించి గాజు వెనక పట్టాను.

నీలం పోయింది. లేత వరి మడి రంగు.

అల్లుడు గాజును పక్కకు జరిపి చూసి, మళ్లీ పెట్టి చూశాడు. నిజానికి ఇందులో మాయేం లేదు. కిరోసిన్ దీపమైనా కొవ్వొత్తి అయినా మంటలో పసుపు ఎక్కువ, నీలం తక్కువ. మామూలు ఆకుపచ్చ గాజు వెనక ఆ దీపం పెడితే ఆ వెలుగు పసుపుకు దగ్గరగా వస్తుంది, అర కిలోమీటరు దూరం నుంచి ఇంజిన్ డ్రైవర్‌కు తేడా తెలియదు. అందుకని గాజును నీలం వైపు తయారు చేశారు. మిగతా పసుపు మంటే కలుపుకుంటుంది. రైలు సిగ్నళ్లలో దీపాలు నూనెతో వెలిగినన్నాళ్లు పొమ్మనే గాజు పగలు చూస్తే నీలమే. ఇంకా వెనక్కి పోతే ఇంగ్లండ్ రైళ్లకు పొమ్మనే రంగు ఆకుపచ్చ కూడా కాదు, తెలుపు. ఎర్ర గాజు పగిలి రాలిపోతే ఉత్త దీపం తెల్లగా కనిపించి, ఆగమనాల్సింది పొమ్మన్నట్టయ్యేది. దాంతో తెలుపును తీసేశారు.

సేటు అంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత గాజు నా చేతిలోంచి తీసుకుని రుమాలుతో తుడిచాడు.

"నీలం అద్దమైతే యాభై సాబ్. హరా అద్దం ఐదొందలు."

అల్లుడి నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చివరికి మూడొందలకు తెగింది. కానీ డబ్బు తీసే ముందు నాకో అలవాటుంది. రైల్వే సామానైతే వేలం కాగితం లేనిదే ముట్టను. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం ఒకటుంది, అది దొంగను మాత్రమే కాదు, కొన్నవాణ్నీ పట్టుకుంటుంది. ఈ పిచ్చిలో కొత్తగా దిగేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. కాగితం అడగ్గానే సేటు ముఖం మాడ్చుకోలేదు. గల్లా కింది నుంచి బిస్కెట్ల డబ్బా తీసి, మడతల్లో చిరిగిపోయిన లాటు రసీదు చూపించాడు. మీటర్ గేజ్ తీసేసి బ్రాడ్‌గేజ్ వేసిన రోజుల్లో, 1990లలో, వాళ్ల అన్న తుక్కు పాడుకున్న రసీదు. దాన్ని ఫోటో తీసుకున్నాను.

చాయ్ తాగుతుంటే, ఊళ్లు తిరిగి తుక్కు ఏరుకొచ్చే పిల్లగాడు తోపుడు బండితో వచ్చాడు. నా చేతిలో గాజు చూసి, "దేవరకద్రల ఒక ముసలమ్మ కాడ గిసువంటిదే ఉన్నది అన్నా. పచ్చది. ఎంత అడిగినా ఇయ్యలే" అన్నాడు. ఇంటాయన రైల్వేలో పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట.

పచ్చ గాజు నాకుంది. ఇంకొకటి ఎందుకు? బండి ఎలాగూ రెండు రోజులు రాదు కాబట్టి పోదామనుకున్నాను, అంతే.

నాలుగో రోజు: దేవరకద్ర

పొద్దున రైలు నిండా జాతర జనం. కురుమూర్తి స్వామికి మొక్కులు మోసుకుపోతున్న మూటలు, చంకల్లో పిల్లలు, దర్వాజా దగ్గర డప్పు. ఉద్దాల ఊరేగింపు ఎప్పుడన్న దాని మీద ఇద్దరు పెద్దమనుషులు మన్యంకొండ దాటేదాకా వాదించుకున్నారు. స్వామికి కుట్టిన చెప్పుల జోడును ఊరేగించే జాతర ఇది. ఆ జోడు నెత్తికి తాకించుకోవడానికే ఇంతమంది పోతున్నారు.

దేవరకద్రలో దిగి పాయింట్స్‌మన్ ఇల్లెక్కడని అడిగితే చిన్న పిల్లలు కూడా చెప్పారు. వాకిట్లో వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడాయన. ఎనభైకి దగ్గర. నేను ముందు నీలం గాజు తీసి చేతిలో పెట్టాను. చూడగానే గుర్తుపట్టాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గాసునూనె వాసన పోయింది" అన్నాడు.

ఆ తర్వాత మేమేమీ అడగనక్కర్లేకపోయింది. కొలువులో చేరిన కొత్తలో సాయంత్రం అయిందంటే కందిళ్లు తుడిచి, వత్తి కత్తిరించి, నూనె పోసి, ఒక్కొక్కటే పట్టుకుని సిగ్నల్ స్తంభాల నిచ్చెనలెక్కడం ఆయన పని. స్టేషన్‌కు దూరంగా బయట ఉండే ఔటర్ సిగ్నల్ దాకా పట్టాల పక్కనే నడక. వాన పడితే అగ్గిపెట్టె తలపాగలో. నిచ్చెన మీద ఒక చేత్తో కందిలి కొక్కేనికి తగిలించాలి. తేనెటీగలు పట్టిన రోజులు వేరే కథ.

"చెయ్యి అడ్డంగ ఉన్నదనుకో, ఆగాలె. కేబిన్‌ల మీట గుంజితే తీగ కదుల్తది, తీగ గుంజితే చెయ్యి కిందికి వాల్తది. సిగ్నల్ పడ్డదంటే బండి పోవాలె."

"పడితే పోవుడేంది తాతా?" అల్లుడు మధ్యలో అందుకున్నాడు. "సిగ్నల్ పడితే ఆగాలె గద!"

"ఎవడు చెప్పిండు?"

"అందరు గట్లనే అంటరు. పంజాగుట్టల సిగ్నల్ పడ్డది, అందుకే లేటయిందని ఎన్ని మాట్ల చెప్పిన్నో!"

ఇద్దరూ నా వైపు చూశారు. ఇన్నేళ్లుగా ఈ మాటతోనే తిరుగుతున్నాను, ఇది నాకెప్పుడూ తట్టలేదు. రోడ్డు మీద సిగ్నల్ పడడమంటే ఎర్ర దీపం పడడం. పట్టాల మీద సిగ్నల్ పడడమంటే చెయ్యి వాలడం, దారి వదలడం. ఒకే మాట. తాత నోట్లో పొమ్మని, మనవడి వయసు వాడి నోట్లో ఆగమని. లండన్‌లో నైట్ గారు రైలు చేతినే తెచ్చి రోడ్డు మీద పెట్టాడు. ఆ చెయ్యి పోయి దీపం మిగిలింది, మన భాషలో మాట మాత్రం రెండుగా చీలింది.

పెద్దాయనకు ఈ విచారమేమీ పట్టలేదు. "సరే, తీగ తెగిందనుకో. చెయ్యి ఏమైతది?" అని అల్లుణ్ని నిలదీశాడు.

"పడిపోతది."

"పడది. లేస్తది. గుంజేది లేకపోతే బరువు తోటి తనంతట తనే అడ్డంగ లేసి నిలవడ్తది. బండి ఆగుతది. ఏది చెడిపోయినా ఆగుడు దిక్కే చెడిపోవాలె. గట్ల చేసిండ్రు."

మా ఊళ్లో కరెంటు పోతే రోడ్డు సిగ్నల్ ఏమవుతుందో తలుచుకున్నాను. నల్లగా చచ్చిపోతుంది, నాలుగు దిక్కుల బండ్లూ ఒకేసారి ఉరుకుతాయి. రైలు వాళ్ల దగ్గర దీపం తెచ్చుకున్నారు గానీ ఆ బరువు తెచ్చుకోలేదు. ఐతే రైలు వాళ్లకూ ఒక్కసారి గర్వం అణిగింది. 1876లో ఇంగ్లండ్‌లో అబాట్స్ రిప్టన్ దగ్గర మంచు పేరుకుని, వాలిన చేతులు పైకి లేవలేకపోయాయి. దారి ఉందనుకుని వచ్చిన రైళ్లు గుద్దుకున్నాయి. ఈ సంగతి చెబితే పెద్దాయన "మన దిక్కు మంచెక్కడిది" అని కొట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది వచ్చిన పని. ముసలమ్మను అడిగితే ఇంట్లోకి పోయి, ఒక పెద్ద పింగాణీ జాడీని చీర కొంగుతో పట్టుకుని వాకిట్లోకి తెచ్చింది. మామిడికాయ తొక్కు జాడీ.

"గిదేనా మీరడిగేది? పచ్చ మూత."

మూత పసుపు.

పచ్చ కామెర్లంటే కళ్లు ఏ రంగవుతాయి? చిన్నప్పటి నుంచి పచ్చ అంటూనే ఉన్నాం, పసుపునూ ఆకునూ రెంటినీ. ఆ తోపుడు బండి పిల్లగాడు అబద్ధమాడలేదు, నేనే ఒక చెవితో విన్నాను. జాడీ మూతి మీద బోర్లించి ఉన్నది ఎనిమిదంగుళాల పసుపు గాజు, లోపలి వైపు గాడుల్లో నూనె, కారం, ఆవపొడి ఇరుక్కుని ఉన్నాయి. వేలితో కొట్టాను. కణీమంది.

మూడు రంగుల్లో చివరికి వచ్చింది ఈ పసుపే. 1914 ఆగస్టు 5న అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో పెట్టిన కరెంటు సిగ్నల్‌కు ఎర్ర, ఆకుపచ్చ రెండే. మారబోతోందని చెప్పడానికి బజర్ మోగేది. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి ఆ రెంటి నడుమ పసుపును చేర్చాడు. అంత చరిత్ర గల గాజు ఇక్కడ తొక్కు కాపలా కాస్తోంది.

చిన్న కొడుకు మేస్త్రీ వెంట బొంబాయి రోడ్డు పనికి పోయాడట. అక్కడ పాత సిగ్నళ్లు విప్పి కుప్ప పోస్తే, కాంట్రాక్టరు మనిషినడిగి ఒకటి లుంగీలో చుట్టుకొచ్చి, దీపం పెట్టుకోవే అని తల్లికిచ్చాడు. అదే వారం పిల్లి దూకి జాడీ మూత పగలగొట్టింది. ఇది పెట్టి చూస్తే కొలిచి చేసినట్టు కూర్చుంది. ఏడేండ్లయింది.

కాగితమేమైనా ఉందా అని అలవాటుగా అడిగాను.

"తొక్కు మూతకు కాగితమా?" అందామె.

ఐదొందలన్నాను. వెయ్యన్నాను. "పైసలు మూతవెడ్తయా?" అంది. అల్లుడు బజారుకు ఉరికి మూడు స్టీలు మూతలు, ఒక పింగాణీ పళ్లెం తెచ్చాడు. ఒకటి లోపలికి జారింది, రెండు గడగడ ఊగాయి, పళ్లెం కింద నుంచి చీమ దూరేంత సందుంది. గాలి తగిలితే తొక్కు బూజు పడుతుందని, సంవత్సరం తిండి మీద ప్రయోగాలు చేయొద్దని ఆమె తీర్పు చెప్పింది. నాకూ న్యాయమే అనిపించింది.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ఎండాకాలం కొత్త తొక్కు పెట్టే ముందు జాడీ ఖాళీ చేసి కడుగుతుంది. ఆ లోపల సరిగ్గా పట్టే మూత తెస్తే ఇది నాది. జేబులో ఎప్పుడూ ఉండే వైండింగ్ తీగ ముక్క తీసి, జాడీ మూతి చుట్టూ తిప్పి, ముడి దగ్గర మెలిపెట్టి దాచుకున్నాను. నల్లగొండలో చెక్క పని చేసే మిత్రుడున్నాడు, టేకుతో చేయించి రబ్బరు రింగు వేయిస్తే గాలి పోదు.

జొన్నరొట్టె, ఆ తొక్కే వేసి అన్నం పెట్టారు. తినేటప్పుడు మూత తీసి మంచం మీద ఎండలో పెట్టింది. దుప్పటి మీద గుండ్రంగా పసుపు వెలుగు పడింది. నేను అటే చూస్తుంటే "తినుర్రి, ఎటు పోదది" అంది.

తిరుగు రైలుకు పెద్దాయన స్టేషన్ దాకా వచ్చాడు. మా బండి ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉంది, ఎదురు బండికి క్రాసింగట. ఆకలి లేకపోయినా అల్లుడికి మిర్చి కనపడితే ఆగడు. స్టేషన్ గోడ పక్కన జాతర గిరాకీకి వెలసిన బండి దగ్గర రెండు ప్లేట్లు చెప్పాడు. నేను నీలం గాజున్న సంచి చంకలో, తొక్కు పొట్లం చేతిలో పట్టుకుని ఉల్లిగడ్డ ముక్కలేరుతున్నాను. ఎదురు బండి వచ్చింది, దాటిపోయింది. ఇప్పుడక్కడ చేతులూ కందిళ్లూ ఏమీ లేవు, స్తంభానికి దీపాలే. పెద్దాయన చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పట్టాల చివరకు చూసి, "సిగ్నల్ పడ్డది" అన్నాడు.

"అయితే ఇంకింత టైమున్నది" అని అల్లుడు ఇంకో ప్లేటు చెప్పాడు.

నేను తలెత్తేసరికి చివరి పెట్టె ప్లాట్‌ఫాం దాటుతోంది. పెద్దాయన మమ్మల్నిద్దరినీ కిందికీ మీదికీ చూశాడు.

"చెప్పిన గద" అన్నాడు.